నాలుగు కిలోల కొసరు

శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కేశవయ్య వేసుకున్న లెక్క చాలా తేలికైనది. అయిదుకు సంపులో మందు. ఆరుకు స్నానాలు. ఏడుకు ఆడవాళ్లందరికీ కొత్త చీరలు. ఎనిమిదికి ఇరవై ఒక్క బిందెల నీళ్లు గడప దాటాలి. తొమ్మిదికి అమ్మవారిశాలలో అభిషేకం, తర్వాత తీర్థం, పన్నెండుకు భోజనాలు. ఒంటిగంట కొట్టేసరికి తన పన్నెండేళ్ల చెడ్డపేరు తుడిచిపెట్టుకుపోవాలి.

ఆ పేరు సంగతి చెప్పాలి. కమలాపురంలో వాళ్ల వీధిలో నలభై ఎనిమిది వైశ్యుల ఇళ్లు. శ్రావణానికి నాలుగు శుక్రవారాలు. ఆనాటి పూజా భోజనాల ఖర్చు ఒకే ఇంటివాళ్లు పెట్టుకునే ఉభయాన్ని శుక్రవారానికి ఒక ఇల్లు చొప్పున తిప్పితే ఒక్కో ఇంటికి పన్నెండేళ్లకొకసారి వంతు వస్తుంది. అమ్మవారిశాల బావి ఎప్పుడో ఎండిపోయింది కాబట్టి ఉభయదారు ఇంటి నీళ్లతోనే అభిషేకం చేయాలని పెద్దలు కట్టడి చేశారు. పోయినసారి కేశవయ్య వంతు వచ్చినప్పుడు తీర్థం సగం వరుసకే నిండుకుంది. పులిహోర చివరి రెండు పంక్తులకు అందలేదు. అదే వీధిలో బట్టల కొట్టు కేశవయ్య ఇంకొకాయన ఉన్నాడు. ఇద్దరినీ వేరుచేసి చెప్పడానికి జనానికి ఒక గుర్తు కావాల్సి వచ్చింది. మరునాటి నుంచి కిరాణా కొట్టాయన 'కొరత కేశవయ్య' అయ్యాడు. తిట్టు కాదు, చిరునామా. అందుకే ఎవరిమీదా కోప్పడే వీలు కూడా లేకపోయింది.

అప్పటినుంచి ఆయన కొట్లో కొసరు పెరిగింది. కిలో చక్కెరకు గుప్పెడు, శేరు శనగలకు దోసెడు. కొసరు ఒడిలో వేయించుకున్నవాళ్లే వీధి మలుపు తిరిగాక "కొరత కేశవయ్య కొట్లో తెచ్చినా" అని చెప్పేవారు. ఇంత పెట్టుబడికి ఇంత తక్కువ రాబడి వచ్చిన వ్యాపారం ఆయన జీవితంలో ఇంకొకటి లేదు.

ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, జిల్లా అంతా చికున్ గున్యా. ఊళ్లో సగం మంది నడుము వంచి నడుస్తున్నారు. ఉప్పు పొట్లం అందుకోవడానికి చెయ్యి చాచినా "అమ్మా" అంటున్నారు. వీధికంతా పంచమని పంచాయతీ వాళ్లు పాతిక కిలోల బ్లీచింగ్ పౌడరు సంచి తెచ్చి కేశవయ్య అరుగు మీద దించారు. తక్కెడ ఉన్న ఇల్లు అదొక్కటే కదా. ఇంటింటికీ పంచితే, దానితో ఆడవాళ్లు వాకిట్లో ముగ్గు వేసినట్టు గీతలు గీశారు, కాలవల వెంట వరసలు పోశారు. దోమలకు చదువొచ్చినట్టు, గీత చూసి వెనక్కి తిరిగిపోతాయన్నట్టు ధీమాగా కూర్చున్నారు. వారం రోజులుగా ఊరంతా ఒకటే ఘాటు. ముక్కులు కూడా విసిగిపోయి వాసన చెప్పడం మానేశాయి.

గురువారం పొద్దున ఆరోగ్య కార్యకర్త సుజన వచ్చి సంచి అడుగున మిగిలింది చూసింది. కేశవయ్య తూచి చెప్పాడు. సరిగ్గా నాలుగు కిలోలు.

"శెట్టిగారూ, గీతలు గీస్తే దోమ చావదు. ఇది తాగే నీళ్లకు," అంది సుజన. "మీ సంపు ఆరువేల లీటర్లు. వెయ్యికి నాలుగు గ్రాముల లెక్కన పాతిక గ్రాములు చాలు. బకెట్లో కలిపి, తేరినాక పైనీళ్లు మాత్రం పొయ్యండి. రేపు ఐదొందల మంది తీర్థం తాగుతారంట కదా. ఇచ్చేముందు నేనొచ్చి పరీక్ష చేస్తా. పాస్ కాకుంటే చుక్క పొయ్యనియ్యను."

ఇదే మాట ఆమె వంటింట్లో కేశవయ్య భార్య రాజ్యలక్ష్మమ్మకూ చెప్పింది, కోడలు హిమబిందుకూ చెప్పింది, గిన్నెలు తోముతున్న భీమక్కకూ చెప్పింది. ఒకరికి చెబితే ఆ ఒకరు మర్చిపోతారని ఆమె అనుభవం.

ఇప్పుడు తెల్లవారుజామున అరుగు మీద నిలబడి కేశవయ్య ఆ పాతిక గ్రాములను తక్కెడలో కాక మనసులో తూచాడు. ఆరువేల లీటర్లకు పాతిక గ్రాములా? తన కొట్లో ఇంగువ కూడా అంతకంటే ధారాళంగా కడతాడు. పైగా ఊరికే వచ్చిన సరుకు. ఊరికే వచ్చే సరుకు ఎలా ఉంటుందో ముప్ఫై ఏళ్లుగా సరుకు అమ్ముతున్నవాడికి ఒకరు చెప్పాలా? మొదట సగం సున్నం కలిసి ఉంటుంది. కాబట్టి యాభై. మిగిలినదాంట్లో సగం బలం సంచి విప్పగానే గాలికి పోయి ఉంటుంది. కాబట్టి వంద. దారిలో చెమ్మ పట్టింది ఇంకో సగం. కాబట్టి రెండొందలు. అమ్మవారి పని, కొసరు లేకుండా ఎలా? పావుకిలో.

పావుకిలో తూచి సంపులో పోశాడు. బకెట్లో కలపడం, తేరడం వంటివి సరుకు మీద నమ్మకం ఉన్నవాళ్లు చేసే పనులు. సంచి ఉండవలసినదానికంటే కొంత తేలికగా తోచింది. సంచి తగ్గితే పక్కింటివాణ్ని అనుమానించడం ఆయన అలవాటు. 'తిమ్మయ్య పనే' అనుకుని స్నానానికి పోయాడు.

స్నానం చేస్తుంటే కళ్లు మండాయి. సీకాయ ఘాటు అనుకున్నాడు. పెరట్లో నీళ్లు పోసుకుంటున్న చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు దగ్గడం వినబడింది. పాపం, అందరికీ జ్వరం మొదలైనట్టుంది అనుకున్నాడు. కేశవయ్యకు ప్రతిదానికీ ఒక కారణం వెంటనే దొరికేది. అదే ఆయన నష్టం.

ఏడు గంటలకు మిద్దె మీదనుంచి రాజ్యలక్ష్మమ్మ కేక వినబడింది.

బిందెలు మోసే ముత్తైదువలకని కేశవయ్య మాధవరం నుంచి ఇరవై ఒక్క చీరలు తెప్పించాడు. అన్నీ ఒకే ముదురు ఎరుపు నేతచీరలు. కొట్టునుంచి వచ్చిన చీరను తడిపి ఆరేయకుండా కడితే మడికి పనికిరాదు. అందుకని భీమక్క అయిదు గంటలకే గంగాళంలో నీళ్లు నింపి చీరలన్నీ ముంచి, గంటసేపు నాననిచ్చి మిద్దె మీద ఆరేసింది. కేశవయ్య ఎక్కి చూశాడు. ఇరవై ఒక్క చీరలూ గాలికి ఊగుతున్నాయి. వాటి మీద ముదురు ఎరుపు ఉంది, లేత గులాబీ ఉంది, తెలుపు ఉంది, ఇంకా పేరు పెట్టని రంగులు ఉన్నాయి.

ఆయన మెట్లు దిగి నేరుగా ఫోను దగ్గరికి పోయి, చీరలు నేయించి పంపిన మాధవరం వ్యాపారికి కలిపాడు.

"ఏమప్పా బొజ్జన్నా! చీరలకు రంగు వేసినావా, రంగు చూపించి తీసేసినావా?"

"ఎవరప్పా పొద్దున్నే?" అంది అవతలి గొంతు.

"కమలాపురం కేశవయ్యను."

"ఏ కేశవయ్య?"

కేశవయ్య కళ్లు మూసుకున్నాడు. వెనక చుట్టాలు వింటున్నారు. "కొరత కేశవయ్యను," అన్నాడు తగ్గు గొంతుతో.

"ఆఁ, చెప్పు శెట్టీ! చీరలు బాగుండాయా?"

"ఇరవై ఒక్క చీర ఇరవై ఒక్క రకంగా ఉండాది. ఒకదాని మీద ఆవు పండుకున్నట్టుండాది. ఇంకోదాని మీద ఆ ఆవు లేచి యాడికో పోయినట్టుండాది."

"నా రంగు పోదు! నా చీరలు కట్టినోళ్లు పోయినారు గానీ చీరల రంగు పోలే. నువ్వేం చేసినావో చెప్పు."

"నీళ్లలో ముంచినా. చీరను నీళ్లలో ముంచేది తప్పా?"

"అట్లయితే నేనే వస్తాండా. ఇద్దరు పెద్దమనుషులను ఎంటబెట్టుకొని వస్తాండా. నీ ఇంట్లోనే, నీ నీళ్లలోనే, నీ కండ్లముందరే ముంచి చూపిస్తా. రంగు పోతే నా మీసం తీసేస్తా!"

"రా అప్పా, రా! మీసం యాడికీ పోనీయకుండా జాగర్తగా పట్టుకొని రా!"

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి పెరట్లో ఇంకో కేక. ఈసారి ఒక గొంతు కాదు, పదిహేను గొంతులు.

ఇత్తడి బిందెలకు పసుపు పూసి, బొట్లు పెట్టి, వరసగా నిలబెట్టారు. చివర్లో సంపునీళ్లు చల్లి ఒకసారి తడిపారు. తడి తగలగానే బిందెల మీది పసుపంతా ఎర్రగా మారింది. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసి దిష్టి తీయడం తెలియని ఇల్లు ఆ వీధిలో లేదు. కానీ ఏ బిందెకూ ఎవరూ సున్నం పూయలేదు. వాళ్లు చూస్తుండగానే ఆ ఎరుపు కూడా పాలిపోయి, చివరికి బిందెలు జ్వరం తగ్గిన మనుషుల ముఖాల్లా తయారయ్యాయి.

"దిష్టి!" అంది రాజ్యలక్ష్మమ్మ. "గడప దాటకముందే ఎవరో ఎర్రనీళ్లు చేసి పెట్టినారు. చీరలు కూడా అందుకే పోయినాయి."

"ఎవరు పెట్టినారే?" అన్నాడు కేశవయ్య.

"ఎవరేంది? పొద్దున గోడమీదనుంచి తల పెట్టి, 'ఎన్ని బిందెలు వదినా, శానా ఉండాయే' అనింది ఎవరు?"

గోడ అవతల ఉన్నది తిమ్మయ్య ఇల్లు. తిమ్మయ్య అమ్మవారిశాల పెద్ద. 'కొరత' అన్న మాట మొదట ఆయన నోటినుంచే వచ్చిందని కేశవయ్య నమ్మకం. తిమ్మయ్య భార్య తిరుపతమ్మకు గోడ అడ్డం కాదు. ఆమె తల మళ్లీ ఇటు వచ్చింది.

"ఏం వదినా, నాది దిష్టి కన్నంటావా?" అంది. "నా కండ్లకు అంత బలముంటే ముప్ఫై ఏండ్లనుంచి ఆయన గురక వింటా ఎందుకు పండుకుంటా? ముందు ఆ గురకకే దిష్టి పెట్టుకోనా?"

"లెక్కబెట్టినావా లేదా? బిందెలు లెక్కబెట్టినావా లేదా?"

"ఇరవై ఒకటి ఉంటే ఇరవై ఒకటి అంటా. పోయినసారి మాదిరి పదైదుకే నిండుకుంటే పదైదు అంటా!"

ఆ మాట కేశవయ్య గుండెకు తగిలింది. ఎనిమిది దాటింది. గడప దాటవలసిన బిందెల్లో ఒక్కటీ కదల్లేదు. చుట్టాల్లో ముగ్గురు అప్పటికే దిష్టి తగిలిన ఇంట్లో ఉండకూడదని చెప్పులు వెతుక్కుంటున్నారు.

గొడవ విని తిమ్మయ్య నలుగురు పెద్దలతో వచ్చాడు. మెడలో జరీ కండువా, నోట్లో వక్కపొడి. "ఏమప్పా కేశవయ్యా, పూజారి పొద్దుటినుంచీ గంట పట్టుకొని నిలబడి ఉండాడు. నీళ్లు యాడ?"

"వస్తాండాయి అన్నా, బయలుదేరినట్టే."

"యాడ బయలుదేరినాయి? బిందెలకు పసుపే నిలవలేదంట కదా."

సరిగ్గా అప్పుడే సుజన భుజాన సంచితో లోపలికి వచ్చింది. ఆమె ఎవరి మాటా వినకుండా బిందెలోంచి ఒక గాజు గొట్టంలోకి నీళ్లు తీసుకుని, మందు చుక్కలు వేసి, వెలుగుకు ఎత్తి పట్టింది. మోతాదు సరిపోతే ఆ నీళ్లు లేత పసుపు రంగుకు తిరగాలి. ఆ నీళ్లు నిమ్మకాయ రంగును దాటాయి, బత్తాయి రంగును దాటాయి, ఇటుక రంగు దగ్గరికొచ్చి నిలబడ్డాయి.

సుజన తన చేతిలోని రంగుల అట్టను చూసింది. గొట్టాన్ని చూసింది. "నా అట్టలో రంగులు అయిపోయినాయి శెట్టిగారూ," అంది. "ఎంత వేసినారు?"

"నువ్వు చెప్పినంతే తల్లీ. ఇంచుమించు."

"ఇంచు ఎంత? మించు ఎంత?"

"పావుకిలో."

"పాతిక గ్రాములు చెప్తే పావుకిలోనా!" సుజన నుదురు కొట్టుకుంది. కానీ మళ్లీ గొట్టం వైపు చూసి తల అడ్డంగా ఆడించింది. "పావుకిలోకు ఇంత రంగు రాదే. ఇంకెవరు వేసినారు?"

రాజ్యలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది.

"నేను రోంత వేసినా," అంది. "నిన్న దీపాలు పెట్టినాక. ఈయన ఊరికే ఇచ్చేదాంట్లో ఎప్పుడూ చెయ్యి బిగబట్టుకుంటాడని తెలుసు కదా. పోయినసారి మాదిరి మళ్లీ తక్కువొస్తే పరువు పోతాదని."

"ఎంత రోంత?"

"అరకిలో."

"నేను చెయ్యి బిగబట్టుకుంటానా!" అన్నాడు కేశవయ్య. "కిలోకు గుప్పెడు కొసరేసే మనిషిని!"

"అత్తా, నేను కూడా..." అంది హిమబిందు. కడపలో డిగ్రీ చదివిన పిల్ల. ఆ ఇంట్లో సైన్సు తెలిసింది ఆమె ఒక్కతే. "నిన్న మధ్యాన్నం. మీరు వాసనకు భయపడి అసలు వెయ్యరేమో అనుకొన్నా. మా పుట్టింటోళ్లు కూడా వస్తాండారు కదా. కిలో వేసినా."

"కిలోనా!"

"ఇది ఆక్సీకరణం మామా. ఇనుము తుప్పు పట్టేది, కోసిన వంకాయ నల్లబడేది అదే. పురుగుల మీద కూడా అట్లనే పనిచేస్తాదని..."

"ఇంత తెలిసినదానివి కిలో ఎట్ల వేసినావమ్మా?"

"పరీక్షలో అదేమిటో రాయమన్నారు మామా. ఎంత వెయ్యాలో అడగలే."

కేశవయ్య వేళ్లు లెక్కపెట్టాడు. పావు, అర, ఒకటి. కిలో ముప్పావు. నాలుగు కిలోల్లో ఇంకా రెండుంబావు ఉండాలి. అరుగు మీదికి పోయి చూశాడు. సంచి లేదు. అది ఉతికి, దులిపి, దండెం మీద ఆరేసి ఉంది.

"భీమక్కా!"

భీమక్క భయపడలేదు. పడమటి కర్నూలు పల్లెనుంచి పనికొచ్చి ఆ ఇంట్లో పదేళ్లుగా ఉన్న మనిషి, ఎవరికీ భయపడే అవసరం ఆమెకు రాలేదు. "అమ్మనే కదా సెట్టీ, చుట్టాలొస్తాండారు, ఆ సంచి కనపడకుండా తీసెయ్ అనింది. నువ్వు స్నానానికి పోయినాక తీసేసినా. పారబోస్తే పాపం కదా, మందు. నాకు ఈ మోకాళ్ల జొరం వచ్చి ఇరవై దినాలు. ఇంగొకరికి రాకూడదని ఉండేదంతా అమ్మవారి పేరు చెప్పి సంపులో పోసినా. నా వంతు నేను ఎయ్యకూడదా?"

దండం పెట్టి వేసిన మనిషితో ఏం వాదించేది?

"నాలుగు కిలోలు," అన్నాడు కేశవయ్య మెల్లగా. ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో మొదటిసారి ఒక సంచి లెక్క గ్రాము తేడా లేకుండా సరిపోయింది.

"నూటరవై రెట్లు," అంది సుజన. "సరుకు మంచిదండీ. పోయిన వారమే కొత్తగా వచ్చిన మాలు. సున్నమూ లేదు, ఏమీ లేదు. చూడండి, ఇది ఖాళీగా కూర్చునే రకం కాదు. మోతాదులో వేస్తే పురుగును కాలుస్తాది. పురుగు లేకుంటే రంగును కాలుస్తాది. రంగు కూడా అయిపోతే మీ కండ్లను, గొంతును పట్టుకుంటాది. పొద్దుటినుంచీ మీరంతా దగ్గేది జొరం కాదు." ఆమె పెరటి మూలకు చూపించింది. భీమక్క చీరలు తడిపిన నీళ్లు పారబోసిన చోట మల్లెచెట్టు ఆకులు అంచులనుంచి తెల్లబడి ముడుచుకుపోయాయి. "కాలవల్లో చూసినారా? దోమపిల్లలను తినే కప్పలు చచ్చినాయి. దోమలు మాత్రం సల్లగా ఉండాయి. మీ గీతలతో మీరు సాధించింది అదే. ఈ నీళ్లు తీర్థానికి పనికిరావు. మనిషి నోట్లోకి చుక్క పోకూడదు."

తిరుపతమ్మ గోడమీదనుంచి చాలా తృప్తిగా అంది: "విన్నావా వదినా? దిష్టి కాదంట. కొసరంట."

తిమ్మయ్య కండువా సర్దుకున్నాడు. "సరేలేప్పా, అమ్మవారి అభిషేకం ఆగకూడదు. మా సంపు నిండా నీళ్లుండాయి. ఉభయం ఈసారికి మా పేరున జరిపిస్తాం. కేశవయ్య వంతు మళ్లీ వస్తాది కదా."

మళ్లీ అంటే పన్నెండేళ్లు. కేశవయ్యకు ఇప్పుడు అరవై. అరవైకి పన్నెండు కలిపితే డెబ్బై రెండు. ఆ వయసుకు పేరు మార్చుకోవడానికి ముందు మనిషి మిగలాలి. మిగిలినా, ఇప్పుడు తగిలించబోయే కొత్త పేరు ఏమిటో? బిందెల వైపు చూశాడు.

"ఆగండి," అంది సుజన. "మీ నీళ్లు కూడా చూడాలి."

తిమ్మయ్య ఇంటినుంచి చెంబు నీళ్లు తెచ్చారు. గొట్టంలో పోసి చుక్కలు వేస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. రంగు లేదు. పైగా గొట్టం అడుగున సన్నని దారప్పోగుల్లాంటివి రెండు తలకిందులుగా తిరుగుతున్నాయి.

"దోమపిల్లలు," అంది సుజన. "సంపుకు మూత లేదా?"

"మూత విరిగిపోయి శానా దినాలైంది," అన్నాడు తిమ్మయ్య. "మేమూ బ్లీచింగ్ వేసినాం కదమ్మా."

"యాడ వేసినారు?"

"వాకిట్లో."

సుజన ఆ వీధిలో ఇంకో ఏడిళ్ల నీళ్లు తెప్పించి చూసింది. ఏడింటిలోనూ రంగు లేదు. అందరి మందూ వాకిళ్లలో చుక్కల ముగ్గులుగా ఉంది. ఊళ్లో ఇంకెక్కడా పొడి లేదు. జిల్లా అంతా జ్వరమే కాబట్టి లారీ సోమవారానికి గానీ రాదు. "అట్లయితే ఈరోజు తీర్థం లేదు," అని ఆమె సంచి సర్దుకోబోయింది.

"ఉండు తల్లీ," అన్నాడు కేశవయ్య. ఆయన కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. పెద్ద బేరానికి ముందు ఆయన ముఖం అలాగే ఉంటుంది. "నా నీళ్లలో నూటరవై రెట్లు ఎక్కువ ఉండాదంటివి. వాళ్ల నీళ్లలో అసలు లేదంటివి. నూటరవై చెంబుల వాళ్ల నీళ్లలో ఒక చెంబు నావి కలిపితే?"

సుజన ఆగింది. పెదవులతో లెక్క వేసింది. "సరిపోతాది," అంది. "పైన తేరిన నీళ్లే తియ్యాల. ముందు దోమపిల్లలను గుడ్డలో వడగట్టాల. కలిపినాక అరగంట ఆగాల. నేను మళ్లీ పరీక్ష చేస్తా."

"అంటే బ్లీచింగ్ లేకపోవడం ఏంది? ఉండాది! నాలుగు కిలోలు ఉండాది, నా సంపులో. విడిగా లేదు, అంతే."

ఆ అరగంటలో తిమ్మయ్య ఇంకో తగాదా లేవనెత్తాడు. ఇరవై ఒక్క బిందెలు తన ఇంటివి, రెండు చెంబులు కేశవయ్యవి. మరి ఉభయం ఎవరిది? కేశవయ్య తోడు గురించి చెప్పాడు. కుండెడు పాలలో చెంచాడు తోడు వేస్తేనే కదా పెరుగయ్యేది? "పెరుగు మాత్రం పాలిచ్చినోనిది అప్పా," అన్నాడు తిమ్మయ్య. చివరికి గంట పట్టుకుని వచ్చేసిన పూజారిని అడిగారు. పొద్దుటినుంచి ఏమీ తినని మనిషి. "దోమపిల్లలు తిరుగుతాండినంత సేపు ఆ నీళ్లు తిమ్మయ్యవి," అన్నాడాయన. "తాగేదానికి పనికొచ్చినాక కేశవయ్యవి. ఇంక నడవండి."

సుజన మళ్లీ గొట్టం ఎత్తింది. లేత పసుపు. ఆమె మొదటిసారి నవ్వింది.

ఆ సంగతి వీధి చివరికి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. మందు కలిసిన నీళ్లు కేశవయ్య ఇంట్లో ఇస్తున్నారట, ఒక్కో సంపుకు రెండు మూడు బిందెలు వేస్తే చాలట. నలభై ఏడు ఇళ్లవాళ్లూ బిందెలతో ఆయన వాకిట్లో వరస కట్టారు. కేశవయ్య కొలపాత్ర పట్టుకుని సంపు దగ్గర నిలబడ్డాడు. పక్కనే సుజన, ప్రతి ఇంటికీ వాళ్ల సంపు ఎంతో అడిగి ఎంత పోయాలో చెబుతూ. కొలిచాక కేశవయ్య చెయ్యి అలవాటుగా ఇంకో చెంబు కోసం లేచేది. సుజన ఆ మణికట్టు పట్టుకునేది. "కొసరు వేస్తే మీ మీద పైవాళ్లకు రాసి పంపిస్తా శెట్టిగారూ."

వరసలో తిమ్మయ్య కూడా వచ్చాడు. ఆయన తన సంపు అంచనా వేసుకుని బిందె ముందుకు నెట్టాడు. "ఇంకొంచెం పొయ్యప్పా కేశవయ్యా. మాది పెద్ద సంపు."

"కుదరదన్నా. మోతాదు."

పన్నెండేళ్లలో మొదటిసారి కేశవయ్య ఒక మనిషికి కొసరు లేదన్నాడు. ఆ మాట నోట్లో అంత తియ్యగా ఉంటుందని ముందే తెలిసి ఉంటే కొట్లో ఎంత చక్కెర మిగిలేదో అనుకున్నాడు.

వేరే చీరలు తెచ్చే సమయం లేక ముత్తైదువలు ఆ మచ్చల చీరలనే కట్టుకుని బిందెలెత్తారు. మేళం మొదలయ్యేసరికి బొజ్జన్న ఇద్దరు పెద్దమనుషులతో బస్సు దిగి, మీసం దువ్వుకుంటూ వీధిలోకి వచ్చాడు. నోరు తెరవబోయాడు. అప్పటికే దారి పక్కన నిలబడ్డ ఆడవాళ్లు "ఈ మబ్బుల చీరలు యాడ తెచ్చినారమ్మా, ఒకటి మాదిరి ఒకటి లేదే" అని అడుగుతున్నారు. బొజ్జన్న తెరిచిన నోటితో ఇంకో మాట అన్నాడు: "మావే తల్లీ! కొత్త రకం!"

"నాలుగు ఉతుకులకు పేలికలైపోతాయి మామా," అని హిమబిందు కేశవయ్య చెవిలో చెప్పింది.

ఆ మాట విన్న బొజ్జన్న ముఖం ఇంకా వెలిగింది. "మంచిదే కదమ్మా. మళ్లీ కొంటారు."

అభిషేకం రెండు గంటలు ఆలస్యంగా జరిగినా దేనికీ తక్కువ రాలేదు. ఐదొందల మంది తీర్థం తీసుకున్నారు, మళ్లీ చెయ్యి చాచినవాళ్లకూ అందింది. తిమ్మయ్య ఇంటి నీళ్లతో వండిన పులిహోర రెండు గంగాళాలు మిగిలింది. తిరిగొచ్చేటప్పుడు వీధి మొగలో ఎవరో ఒక కొత్తమనిషికి దారి చెబుతుంటే కేశవయ్య నడక తగ్గించి విన్నాడు. "కేశవయ్య ఇల్లా? ఏ కేశవయ్య? పొద్దున నీళ్లు పంచినాయనేనా?" మిగతాది వినడానికి ఆయన ఆగలేదు. ఆ మాత్రం చాలు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎండలో తిరిగి, అరిచి, కొలిచి నాలుక పిడచకట్టుకుపోయింది. చెంబు కోసం చెయ్యి చాచాడు. సుజన సంపు పక్కనుంచి లేచి సంచి భుజాన వేసుకుంటోంది.

"ఈ సంపు మాత్రం ముట్టుకోవద్దండి," అంది. "కాలవలోకి వదలొద్దు, చెరువులో చేపలుండాయి. మూత తీసి, దోమ దూరకుండా పైన సన్నగుడ్డ కట్టి, ఎండకు పెట్టండి. ఎండకు దాని బలం దిగిపోతాది. ఐదారు దినాలు పట్టొచ్చు. నేనొచ్చి చూసి చెప్తా, అప్పుడు వాడుకోండి."

లోపలినుంచి రాజ్యలక్ష్మమ్మ చంకన బిందె పెట్టుకుని వచ్చింది.

"యాడికి?" అన్నాడు కేశవయ్య.

"తిరుపతమ్మ ఇంటికి. తాగేదానికి నీళ్లొద్దా?"

"పొద్దున ఆమెతో అంత గొడవ పెట్టుకొంటివి."

"పొద్దున దాహం లేదు," అని ఆమె గేటు దాటింది.

నలభై ఏడు ఇళ్లకు మంచినీళ్లు ఇచ్చిన మనిషి, పక్కింటి బిందె వచ్చేదాకా, గుక్కెడు నీళ్లు లేక అరుగు మీద కూర్చున్నాడు.